పాత ర్యాలీ రోడ్డు సైకిలు: సీటు పోస్టు కదలట్లేదు, రంగు ఉంచాలా గీకించాలా?

రాత్రిషిఫ్ట్ (డార్బీ, ఇంగ్లండు)

అందరికీ నమస్కారం. ఒక పాత ర్యాలీ రోడ్డు సైకిలు 25 పౌండ్లకి కొన్నాను. పంక్చర్ వేయడం, పడిన చైను ఎక్కించడం వరకే నాకు తెలుసు. సైకిలంతా విప్పి మళ్లీ బిగించాలని ఉంది.

ఫ్రేము ముదురు ఎరుపు. ఎండలో పెడితే రంగు కింద వెండిపొర మెరుస్తోంది. సీటు ట్యూబు మీద రేనాల్డ్స్ 531 స్టిక్కరు సగం మిగిలింది, మోడల్ పేరు మాత్రం చెరిగిపోయింది. హ్యాండిల్ కింద కొంగ తల బ్యాడ్జి ఉంది. ఫ్రేము నంబరు డబ్ల్యూ, డి, 4 అని మొదలవుతోంది. గేర్లు హ్యూరే, వెనక 5 స్పీడు ఫ్రీవీల్ (వెనక పళ్లచక్రాల గుత్తి). బ్రేకులు వైన్‌మన్ సెంటర్‌పుల్, క్రాంకు (పెడల్ బిగించే కాడ) స్ట్రాంగ్‌లైట్, హబ్బులు నార్మండీ. రిమ్ములు 27×1¼ స్టీలువి, తుప్పు పట్టి వేలు పెడితే పొడి రాలుతోంది.

మూడు సందేహాలు. ఇది ఏ సంవత్సరానిది? రంగు గీకించి పౌడర్ కోటింగ్ చేయిస్తే బాగుంటుందా? అన్నిటికన్నా పెద్ద టెన్షన్, సీటు పోస్టు ఇసుమంత కూడా కదలట్లేదు. పోస్టు అల్యూమినియం, ఫ్రేము స్టీలు.

పాతఇనుము (సికింద్రాబాద్)

మంచి బండి పట్టారు. డబ్ల్యూ అంటే వర్క్‌సాప్. అక్కడ కార్ల్‌టన్ అనే చిన్న కంపెనీ ఉండేది, ర్యాలీ దాన్ని 1960లో కొనేసింది. ఆ తర్వాత ర్యాలీ పేరుతో వచ్చిన తేలిక ఫ్రేములు చాలావరకు అక్కడ తయారైనవే. రెండో అక్షరం ఆ ఏడాదిలో ఎప్పుడు చేశారో చెబుతుంది. 4 సంవత్సరం చివరి అంకె. 74 కావచ్చు, 84 కావచ్చు అనుకునేరు. వర్క్‌సాప్ ఫ్యాక్టరీ 1981లోనే మూతపడింది కాబట్టి 74 అని ఖాయం చేసుకోవచ్చు.

వర్క్‌సాప్ ఫ్రేము కావడం మీ అదృష్టం. నాటింగ్‌హామ్ పెద్ద ఫ్యాక్టరీలో చేసిన ర్యాలీలకి బీబీ (బాటమ్ బ్రాకెట్, క్రాంకుల ఇరుసు తిరిగే చోటు) మరలు అంగుళానికి 26. ఆ కప్పులు ఇంకెక్కడా పట్టవు, పోతే వెతుక్కోవాల్సిందే. కార్ల్‌టన్ వాళ్లు మామూలు ఇంగ్లీషు మరే వాడేవారు, అంగుళానికి 24. అయినా కొత్త కప్పు కొనేముందు మరల గేజి పెట్టి చూసుకోండి, నా మాట మీద డబ్బులు పెట్టొద్దు.

రంగు గురించి తర్వాత రాస్తాను. ఈలోగా ఎవరేం చెప్పినా గీకించకండి.

ఆవకాయ_రైడర్ (మెల్‌బోర్న్)

బ్రో, టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన ర్యాలీ ఇదేనా? అయితే నీ 25 పౌండ్లు నేనిస్తా, ఇటు పంపు 😀

సీటు పోస్టుకి కోకాకోలా పోసి రెండు రోజులు ఉంచమని యూట్యూబ్‌లో చూశా. నా ఓటు మాత్రం పౌడర్ కోటింగ్‌కే. నల్లటి మ్యాట్ వేయించు, అదిరిపోద్ది.

పాతఇనుము (సికింద్రాబాద్)

ఆవకాయా, అది వేరు. 1980లో యోప్ జూటెమెల్క్ టూర్ గెలిచింది టీఐ-ర్యాలీ జట్టులో. ఆ జట్టు ఫ్రేములు ఇల్కెస్టన్‌లోని ప్రత్యేక వర్క్‌షాపులో, జెరాల్డ్ ఓ'డోనవన్ ఆధ్వర్యంలో తయారయ్యేవి. వాటికి ఎస్‌బీ నంబర్లు ఉంటాయి. ఇల్కెస్టన్ డార్బీకి దగ్గరే, రాత్రిషిఫ్ట్ గారు సెలవు రోజున ఆ ఊరు చూసి రావచ్చు.

ఆ టీఐ అంటే ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్. 1949లో మురుగప్ప గ్రూపుతో కలిసి మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్ పెట్టింది వాళ్లే. మనం తొక్కిన హెర్క్యులిస్, బీఎస్‌ఏలు అక్కణ్నుంచి వచ్చినవే. రేనాల్డ్స్ ట్యూబులూ అదే గొడుగు కింద ఉండేవి.

కప్పూకోనూ (తెనాలి)

అబ్బాయ్, రంగూ పోస్టూ తర్వాత. ముందు ఫ్రేము బెండు ఉందేమో చూసుకో. ఎదురుగా గుద్దేసిన బండికి ఎంత ఖర్చు పెట్టినా దండగే. మా నాన్న షాపులో ర్యాలీ బండి వస్తే ఆయనే స్వయంగా పట్టుకునేవాడు, మమ్మల్ని ముట్టనిచ్చేవాడు కాదు. ముందు ఇదే చూసేవాడు.

హ్యాండిల్ గొట్టం వెనకాల, పై గొట్టం కిందా, వాలు గొట్టం కిందా వేలితో తడుము. ఉబ్బుగానీ, రంగు మడత పడినట్టుగానీ తగిలితే గుద్దిన బండే. తర్వాత ఒక దారం తీసుకో. వెనక చక్రం పట్టే చోట ఒక వైపు కట్టి, ముందు హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి, రెండో వైపు అదే చోటికి తెచ్చి లాగి కట్టు. ఇప్పుడు సీటు గొట్టానికి అటూ ఇటూ దారం ఎంత దూరంలో ఉందో స్కేలు పెట్టి కొలు. రెండువైపులా ఒకటే రావాలి. మిల్లీమీటరు తేడా వస్తే పట్టించుకోకు.

టంకం (బర్మింగ్‌హామ్)

నేను మెటలర్జీ మనిషిని, సైకిళ్లు సరదా. పోస్టు గురించి కొంచెం వివరంగా చెప్తాను.

అక్కడ జరిగింది ఇదీ. రెండు వేర్వేరు లోహాలు తగులుతూ ఉన్నాయి, మధ్యలోకి తడి చేరింది. ఈ దేశంలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి అది ఉప్పు తడి. అల్యూమినియం నెమ్మదిగా తినుకుపోయి ఆక్సైడుగా మారుతుంది. ఆ ఆక్సైడుకి అసలు లోహం కన్నా ఎక్కువ చోటు కావాలి. పోస్టుకీ ట్యూబుకీ మధ్య ఖాళీ ఉండదు కాబట్టి అది లోపలే బిగదన్నుకుంటుంది. కోకాకోలాలో ఉండే కాస్త ఫాస్ఫారిక్ ఆసిడ్ దీన్ని ఏమీ చేయలేదు, ఫ్రేము లోపల చక్కెర పాకం మాత్రం మిగులుతుంది.

టార్చితో కాల్చకండి. వేడికి అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది, పోస్టు ఇంకా బిగుసుకుంటుంది, రంగూ మాడిపోతుంది. ఇదే లెక్క తిరగేస్తే మనకి పనికొస్తుంది. చల్లబరిస్తే పోస్టే ఎక్కువ కుంచించుకుంటుంది. ప్లంబర్లు పైపులు గడ్డకట్టించడానికి వాడే ఫ్రీజ్ స్ప్రే దొరుకుతుంది, దాన్ని పోస్టు లోపలికి కొట్టండి.

దానికి ముందు బీబీ విప్పి, ఫ్రేము తలకిందులు చేసి, కిందనుంచి సీటు ట్యూబులోకి చొచ్చుకుపోయే నూనె పోయండి. అసిటోన్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనె సగం సగం కలిపినా సరే, మంటకి దూరంగా. కొన్నాళ్లు అలాగే వదిలేసి, రోజూ కాస్త పోస్తూ ఉండండి. తర్వాత పోస్టు పైకొసని పెద్ద వైసులో బిగించి ఫ్రేమునే తిప్పండి. ముందు గొట్టం ఒక చేత్తో, వెనక కొస ఇంకో చేత్తో పట్టుకుని ఇద్దరు మనుషులు నిదానంగా తిప్పాలి. ఒక్కవైపే బలం పెడితే సీటు ట్యూబు మెలిపడుతుంది. పోస్టు మీద ఆశ వదులుకోండి, ఫ్రేము మిగిలితే చాలు.

కాస్టిక్ సోడా పోయమని ఇక్కడ ఎవరో ఒకరు చెప్తారు, తెలుసు. అది అల్యూమినియాన్ని కరిగిస్తుంది, ఉక్కుని ముట్టదు, నిజమే. కానీ హైడ్రోజన్ వస్తుంది, ద్రావణం సలసలా కాగుతుంది, రంగు మీద చుక్క పడితే లేచిపోతుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. అన్ని దారులూ మూసుకుపోతే అప్పుడు మాట్లాడదాం.

రాత్రిషిఫ్ట్ (డార్బీ)

టంకం గారూ, కప్పూకోనూ బాబాయ్ గారూ, చాలా థ్యాంక్స్. దారం పెట్టి చూశాను, రెండువైపులా సమానంగానే వచ్చింది. ఉబ్బులు లేవు. నూనె పోయాలంటే బీబీ విప్పాలి, అక్కడే ఆగిపోయాను. క్రాంకు బోల్టు వచ్చింది. ఆన్‌లైన్‌లో కొన్న క్రాంకు పుల్లరు మాత్రం మరలో వదులుగా తిరుగుతోంది. బలవంతం చేయాలా?

పాతఇనుము (సికింద్రాబాద్)

ఆగండి! అస్సలు చేయొద్దు. మామూలు పుల్లరు 22 మిల్లీమీటర్లు. పాత స్ట్రాంగ్‌లైట్ మర 23.35. అదే ఫ్రాన్సులో టీఏ వాళ్లది 23. వదులుగా పట్టిన పుల్లరుతో లాగితే క్రాంకులోని మెత్తటి అల్యూమినియం మరలు ఊడి వచ్చేస్తాయి, ఆ తర్వాత ఆ క్రాంకుని తీయడానికి రంపమే గతి. 23.35 పుల్లరు విడిగా అమ్ముతారు, అది తెప్పించుకోండి.

బీబీ కప్పుల్లో కుడివైపుది ఎడమ మర. విప్పడానికి గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలి. కదలకపోతే బిగిస్తున్నామేమో అనుకుని దిశ మార్చకండి. ఎడమ పెడల్‌కీ అంతే, ఎడమ మర.

కప్పూకోనూ (తెనాలి)

కుడి కప్పు బాగుంటే దాన్ని విప్పనే వద్దు అబ్బాయ్. లోపలికి లైటు వేసి చూడు. బాల్సు నడిచే దారి నున్నగా మెరుస్తుంటే తుడిచి వదిలేయ్. గుంటలు పడి ఉంటేనే మార్చు. ఎడమ కప్పు, యాక్సిలు తీస్తే నీ నూనె పోయడానికి దారి చాలు.

బాల్సు మాత్రం కొత్తవి వేయి. పావు అంగుళంవి, ఒక్కో వైపు 11. కేజీలో గుచ్చి వచ్చేవాటిలో తక్కువ ఉంటాయి, అవి వద్దు. కప్పులో గ్రీజు దండిగా పెట్టి ఒక్కొక్కటీ అతికించుకుంటూ పో.

ఆవకాయ_రైడర్ (మెల్‌బోర్న్)

ఇంత తంటా ఎందుకు బ్రో, ఈ డబ్బుకి కొత్త హైబ్రిడ్ వస్తుంది కదా. సరే సరే, తిట్టకండి. రంగు సంగతి ఎవరూ తేల్చలేదు.

పాతఇనుము (సికింద్రాబాద్)

తేలుస్తాను. 531 అంటే 1935లో రేనాల్డ్స్ తెచ్చిన మాంగనీస్-మాలిబ్డినం ఉక్కు. కొసల దగ్గర మందంగా, మధ్యలో పల్చగా లాగిన ట్యూబులు ఇవి. పల్చటి చోట గోడ మిల్లీమీటరు కూడా ఉండదు. పౌడర్ కోటింగ్ వాళ్లు రంగు పోగొట్టడానికి ముందు ఇసుకో, ఉక్కు రవ్వో కొడతారు. గేట్లూ గ్రిల్సూ చేసే మనిషి అదే ఊపుతో కొడితే ఈ ట్యూబు అరిగిపోతుంది. పైగా పౌడర్ మందంగా కూర్చుంటుంది, లగ్గుల (గొట్టాలు కలిసే చోట ఉండే తొడుగుల) అంచులు మొద్దుబారతాయి. ర్యాలీ పనితనమంతా ఆ లగ్గుల్లోనే ఉంది.

ఇంకోటి. మీ బండిది వెండిపొర మీద పారదర్శకమైన ఎరుపు. ఫ్లాంబాయెంట్ అంటారు. దాన్ని మళ్లీ అలాగే వేయగలిగే వాళ్లు తక్కువ, ఖర్చు బండి ధరకి ఎన్నో రెట్లు. గీతలు పడితే పడ్డాయి. నా పద్ధతి చెప్తాను: అరిగేవి మార్చేస్తాను, అరగనివి ముట్టుకోను. చైను, బాల్సు, కేబుళ్లు, బ్రేకు రబ్బర్లు, టైర్లు, అవసరమైతే రిమ్ములు, ఇవన్నీ అరగడానికి పుట్టినవే, కొత్తవి వేయండి. ఫ్రేము, రంగు, బ్యాడ్జి, హబ్బులు, బ్రేకులు ఉన్నవే ఉంచండి. తుప్పు తేలిన చోట్ల మాత్రం సన్న ఎమరీతో రుద్ది, ప్రైమరు చుక్క పెట్టి, పైన కారు వాక్సు కొట్టండి.

టంకం (బర్మింగ్‌హామ్)

మొదటి సగంతో ఏకీభవిస్తాను. రెండో సగంతో పూర్తిగా కాదు. రంగు కింద తుప్పు పాకి పొక్కులు లేచిన ఫ్రేముని "ఒరిజినల్" అని దాచుకుంటే పదేళ్లలో చిల్లు పడుతుంది. అలాంటి ఫ్రేముకి తడి పెయింటే వేయించడం మేలు. రాత్రిషిఫ్ట్ గారి ఫొటోల్లో అంత పొక్కులు కనబడలేదు కాబట్టి ఈసారికి వదిలేస్తున్నాను.

లోపలి తుప్పు ముఖ్యం. బీబీ తీసినప్పుడు ట్యూబుల్లోకి "బాయిల్డ్" అని అమ్మే లిన్సీడ్ (అవిసె) ఆయిల్ పోసి అన్ని వైపులకీ తిప్పి, మిగిలింది వంచేయండి. ఆరితే పొరలా పట్టుకుంటుంది. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి పడేయకండి, వాటంతట అవే అంటుకుంటాయి. పరిచి ఆరబెట్టండి.

విడి స్టీలు ముక్కల తుప్పుకి నిమ్మ ఉప్పు చాలు. గోరువెచ్చటి నీళ్లలో కలిపి నానబెట్టి, కాసేపటికోసారి చూసుకుంటూ, తీశాక వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి వెంటనే తుడిచి నూనె రాయండి. అల్యూమినియం ముక్కలు అందులో వేయకండి. క్రోము మీది చిన్న చిన్న తుప్పు మచ్చలకి వంటింటి అల్యూమినియం ఫాయిల్ ఉండచేసి, నీళ్లలో ముంచి రుద్దితే పోతాయి.

ఆవకాయ_రైడర్ (మెల్‌బోర్న్)

బ్యాడ్జికి చింతపండు? మా అమ్మ ఇత్తడి చెంబులకి అదే.

పాతఇనుము (సికింద్రాబాద్)

చెంబుకి రంగు ఉండదు ఆవకాయా, బ్యాడ్జికి ఉంటుంది. సబ్బు నీళ్లు చాలు.

రాత్రిషిఫ్ట్ (డార్బీ)

పోస్టు వచ్చేసింది!!! సరైన పుల్లరుతో క్రాంకు తీసి, నూనె పోస్తూ వచ్చాను. ఊరికే తిప్పితే రాలేదు. తెలిసినతని గ్యారేజీలో వైసులో బిగించి, ఫ్రీజ్ స్ప్రే లోపల కొట్టి, ఇద్దరం తిప్పితే టప్పున శబ్దం వచ్చింది. ఫ్రేము విరిగిందేమో అని గుండె ఆగినంత పనైంది. ఆ తర్వాత కీచుమంటూ బయటికి వచ్చింది. పోస్టు చుట్టూ తెల్లటి పొడి, టంకం గారు చెప్పిన ఆక్సైడే అనుకుంటా.

ఇప్పుడు చక్రాలు. రిమ్ములు ఇక పనికిరావు. అలాగే 27 ఉంచాలా, 700సీకి మారాలా? పనిలో పనిగా 9 స్పీడు వేద్దామని కూడా ఉంది.

పాతఇనుము (సికింద్రాబాద్)

700సీకి మారండి. 27 రిమ్ము టైరు కూర్చునే వ్యాసం 630 మిల్లీమీటర్లు, 700సీది 622. అంటే రిమ్ము 4 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. మీ సెంటర్‌పుల్ బ్రేకుల్లో రబ్బర్లు ఇంకా కిందికి జరిపే చోటు ఉందో లేదో చూసుకోండి, సాధారణంగా ఉంటుంది. 27కి టైర్లు ఇంకా వస్తున్నాయి, కానీ మంచి రకాలు తక్కువ. స్టీలు రిమ్ములు మాత్రం వద్దు. వానలో వాటి మీద బ్రేకు పట్టదు, డార్బీలో వాన సంగతి మీకు నేను చెప్పాలా?

9 స్పీడు నాకు నచ్చలేదు. మీ ఫ్రేములో వెనక చక్రం ఇరికే వెడల్పు 120 మిల్లీమీటర్లు ఉంటుంది, 9 స్పీడు హబ్బుకి 130 కావాలి.

టంకం (బర్మింగ్‌హామ్)

531ని ఆ మేరకు చల్లగా విప్పార్చవచ్చు, ఒక్కో వైపు 5 మిల్లీమీటర్లు తట్టుకుంటుంది. వేడి మాత్రం తగలకూడదు. కానీ విప్పార్చాక డ్రాపౌట్లు (వెనక చక్రం కూర్చునే కొసలు) మళ్లీ సమాంతరంగా చేయాలి, లేకపోతే యాక్సిలు వంగుతుంది. అవసరమా అని అడిగితే అవసరం లేదు అంటాను. 120లోనే 5 స్పీడు ఫ్రీవీల్ 14 నుంచి 28 పళ్లది వేసుకుంటే డార్బీషైర్ గుట్టలు ఎక్కేస్తారు. కిందికి చూసి లివరు జరపడం అలవాటైతే అదీ ఒక సరదా. పైగా ఇటలీలో లెరోయికాకి (పాత సైకిళ్ల మీద తొక్కే సందడి) ఎప్పుడైనా వెళ్లాలనిపిస్తే, అక్కడ 1987కి ముందు నాటి బండి కావాలి, గేరు లివర్లు ఫ్రేము మీదే ఉండాలి.

కప్పూకోనూ (తెనాలి)

ఒక్క మాట, పెద్ద అక్షరాల్లో రాసుకో. ఫ్రీవీల్ తీశాకే పాత చక్రం స్పోకులు కోయి. ముందే కోసేస్తే ఒట్టి హబ్బు చేతిలో మిగులుతుంది, దాన్ని పట్టుకుని తిప్పడానికి ఏమీ ఉండదు, ఫ్రీవీల్ జన్మలో రాదు. తొక్కిన ప్రతిసారీ బిగుసుకున్న మర అది. రిమూవరుని వైసులో పెట్టి, చక్రం దాని మీద కూర్చోబెట్టి, రిమ్ముని రెండు చేతులా స్టీరింగులా తిప్పు. రిమూవరు జారకుండా యాక్సిలు నట్టు వదులుగా పెట్టు, మర కదలగానే దాన్ని ఇంకా వదులు చేయి.

హబ్బు నార్మండీ అన్నావు. ఫ్రాన్సు సరుకు. మర చూసుకున్నావా?

పాతఇనుము (సికింద్రాబాద్)

బాబాయ్ గారు మంచి చోట పట్టారు. ఫ్రెంచి ఫ్రీవీల్ మర 34.7 మిల్లీమీటర్లు, ఇంగ్లీషుది 1.37 అంగుళాలు, అంటే 34.8. ఇంగ్లీషు ఫ్రీవీల్ ఫ్రెంచి హబ్బు మీదికి హాయిగా ఎక్కేస్తుంది, మొదటి గుట్ట దగ్గర జారిపోతుంది. ఇంగ్లండు సైకిళ్లకి వెళ్లిన నార్మండీ హబ్బులకి ఇంగ్లీషు మరే ఎక్కువ. అయినా కాలిపర్ పెట్టండి.

పెదవాల్తేరు_గాలి (విశాఖ)

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నా దగ్గరా 27×1¼ బండి ఒకటి ఉంది. ఇక్కడ షాపులో అడిగితే 28×1½ టైరు ఇచ్చి "కొంచెమే తేడా సార్, పట్టేస్తది" అంటున్నాడు. పట్టిద్దా?

కప్పూకోనూ (తెనాలి)

పట్టదు నాయనా. 28×1½ అంటే మన పాలబండి టైరు, 635. నీ రిమ్ము 630. వదులుగా కూర్చుంటుంది, గాలి నింపుతుంటే అంచు లేచి ట్యూబు బయటికొచ్చి పేలుతుంది. కొనేటప్పుడు టైరు పక్కన 630 అని ముద్ర ఉందో లేదో చదువు. అంగుళాల లెక్క నమ్మకు, దాంట్లో పెద్ద గందరగోళం ఉంది.

పెదవాల్తేరు_గాలి (విశాఖ)

ధన్యవాదాలు అండీ. తిరిగి ఇచ్చేస్తాను.

రాత్రిషిఫ్ట్ (డార్బీ)

బండి రోడ్డెక్కింది. మర కొలిచాను, ఇంగ్లీషుదే. పాత హబ్బులు విప్పి, కోన్లు గుంటలు పడితే మార్చి, వెనక పావు అంగుళం బాల్సు ఒక్కో వైపు 9 వేశాను. కొత్త అల్యూమినియం 700సీ రిమ్ములు, 36 రంధ్రాలవి, అదే హబ్బులకి అల్లించాను. స్పోకులు అల్లడం మాత్రం ఇక్కడి ఒక రిపేరు ఆయనకి ఇచ్చాను, ఆయన నా ముందే బెండు తీసి చూపించాడు. సీటు పోస్టు 27.2 పట్టింది, ఈసారి గ్రీజు పట్టించి దింపాను. రంగు ముట్టలేదు, వాక్సు కొట్టాక ఎరుపు బాగా తేలింది. బ్రేకు రబ్బర్లు స్లాటులో ఇంకా రెండు మిల్లీమీటర్ల చోటు మిగిలేలా కూర్చున్నాయి.

ఒక్క సమస్య. పెద్ద పళ్లచక్రం మీదికి గేరు వేసి గట్టిగా తొక్కితే దానంతట అదే కిందికి జారుతోంది.

పాతఇనుము (సికింద్రాబాద్)

లివరు జారుతోంది, గేరు కాదు. డౌన్‌ట్యూబు లివర్లు రాపిడి మీదే నిలబడతాయి. పక్కన ఉండే రెక్క స్క్రూ కొంచెం బిగించండి. అయినా జారితే విప్పి, వాషర్లకి అంటిన గ్రీజు తుడిచేయండి. అక్కడ గ్రీజు ఉండకూడదు.

రాత్రిషిఫ్ట్ (డార్బీ)

బిగించాను, నిలబడింది. థ్యాంక్స్ అన్నా.

ఆవకాయ_రైడర్ (మెల్‌బోర్న్)

ఫొటో చూశా. సరే, మ్యాట్ బ్లాక్ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఆ పాత 5 స్పీడు ఫ్రీవీల్ ఏం చేశావ్? నాకు ఒకటి కావాలి, నిజంగానే.

రాత్రిషిఫ్ట్ (డార్బీ)

పళ్లు బాగా అరిగిపోయాయి బ్రో, కొత్త చైను దాని మీద ఎగురుతుంది. గోడకి తగిలించుకోవడానికైతే పంపిస్తా, పోస్టేజీ నీది.